ఎడమ చేతి కొలతలు

జూన్ 9, సోమవారం

మోచేతి నొప్పికి పేరు తెలిసింది. గోల్ఫర్స్ ఎల్బో. రెండేళ్ళుగా ఆడుతున్నా నన్ను గోల్ఫర్ అని ఒక్కరూ అనలేదు. చివరికి ఫిజియోథెరపీ అమ్మాయి అంది. ఆరు వారాలు క్లబ్, అదే గోల్ఫ్ కర్ర, ముట్టుకోవద్దంది. షాపులో చీరల కట్టలు కూడా ఎత్తవద్దంది. దాని గురించి బాధ లేదు.

బాధ ఆదివారాల గురించి. గన్నవరం అవతల ఆ తొమ్మిది హోల్స్ మైదానం, ఆరింటికి తడి గడ్డి, పక్కనే వరి చేలు, కాలువ గట్టున కొంగలు. వారమంతా వన్‌టౌన్‌లో ఫ్యాన్ కింద కూర్చుని చీరలమ్మే వాడికి ఊపిరాడేది అక్కడే. ఈ ఆరు వారాలు ఎలా గడపాలి?

జూన్ 14, శనివారం

దుర్గాశంకర్ వచ్చాడు. పళ్ళ డాక్టరు. నన్ను ఈ ఆటలోకి దించిన పుణ్యాత్ముడు. నొప్పి నీ చేతిది కాదురా గోపీ, నీ క్లబ్స్‌ది అన్నాడు. అవి తన పాత సెట్టే. అంటగట్టినవాడూ తనే. తను ఆరడుగులు, నేను ఐదున్నర. ఎవరి కొలతకి వాళ్ళకి ఫిట్టింగ్ చేస్తారట, జాకెట్టు కుట్టించుకున్నట్టే. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చే ఆదివారం వస్తున్నాడట.

ధనశ్రీ కాఫీ తెచ్చి, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస అని లోపలికి వెళ్ళిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకున్న సందర్భాలు ఉన్నాయి, ఇప్పుడు గుర్తు రావడం లేదు.

జూన్ 22, ఆదివారం, ఉదయం 11

ఫిట్టింగ్ అయింది. ఆయన పేరు జాన్సన్. అరవై దగ్గరుంటాయి. మెడలో టేపు. నేను బట్టల వాణ్ణి, మెడలో టేపు ఉన్న మనిషిని చూస్తే నమ్మకం కుదురుతుంది. నన్ను నిటారుగా నిలబెట్టి మణికట్టు నుంచి నేలకి కొలిచారు. అరచెయ్యి కొలిచారు, వేళ్ళు కొలిచారు. మెల్లగా రెండు బంతులు కొట్టమన్నారు. కొట్టాను, మోచెయ్యి సలిపింది. ఆయన నాలుగడుగులు వెనక్కి నడిచి, ఉన్నట్టుండి ఒక బంతి నా మీదికి విసిరారు. పట్టుకున్నాను. ఎడమ చేత్తో.

సంచిలోంచి ఎడమ చేతివాళ్ళు ఆడే సెవెన్ ఐరన్ క్లబ్ తీసిచ్చి, దీంతో ఒక్కటి కొట్టండి సార్ అన్నారు. ఆ వైపు తిరిగి నేనెప్పుడూ నిలబడలేదు. కొట్టాను. చేతికి తెలియనే లేదు. బంతి ఎక్కడ పడిందో చూడలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోచెయ్యి నొప్పెట్టలేదు.

మీరు కుడిచేతి వాటమని ఎవరన్నారు సార్ అని అడిగారు. ఎవరూ అనలేదండీ, పుట్టుకతోనే అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పానో తెలియదు.

అదే రోజు, మధ్యాహ్నం

నిజం ఇది. పెడనలో మాది మగ్గం ఇల్లు. నాలుగేళ్ళప్పుడు నేను ఎడమ చేత్తో అన్నం తినబోతే నాయనమ్మ భద్రమ్మ నూలు పోగులు పేని ఆ చేతిని నడుముకి కట్టేసేది. అన్నం లక్ష్మి, ఆ చేత్తో ముట్టుకుంటే ఇల్లు అడుక్కుతింటుందనేది. అమ్మ నోరెత్తేది కాదు. నాయనమ్మ అటు తిరగగానే అక్క వచ్చేది. సుబ్బరత్నం, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నన్ను మగ్గం గుంటలో దాచి, ముడి పంటితో విప్పి, తొందరగా తినరా అని ముద్ద ఆ చేతిలోనే పెట్టేది. తిన్నాక మళ్ళీ అదే ముడి, అంతే బిగువుగా వేసేది. నాయనమ్మ ఒక్కసారి కూడా కనిపెట్టలేదు.

బడికి వెళ్ళేనాటికి ముడి అవసరం తీరిపోయింది. కుడి చెయ్యి అన్నీ నేర్చుకుంది.

ఇదంతా చెప్పుకుంటే అర్థమయ్యే మనిషి ఈ భూమ్మీద అక్క ఒక్కతే. నాతో మాట్లాడి ఆరేళ్ళయింది.

జూన్ 23, సోమవారం

అక్క నంబర్ తీశాను. నొక్కలేదు.

జూన్ 29, ఆదివారం

ఆడటం లేదు కాబట్టి ఆదివారం పొద్దుటే ఆలోచనలు. రాసేస్తే పోతుందేమో.

అక్కకి భానుశ్రీ ఒక్కతే కూతురు. దాని చిన్నప్పుడే బావ పోతే అక్క మగ్గం మీద కూర్చుని పిల్లని చదివించింది. భానుశ్రీ యేసుకుమార్‌ని ఇష్టపడింది. అక్క రెండు పద్ధతుల్లోనూ పెళ్ళి చేస్తానంది. మన పద్ధతిలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ తీసుకురావాలి. ఉన్న ఒక్క మేనమామని నేను. బజార్లో నలుగురూ ఏమనుకుంటారో అని, లోడ్ వచ్చింది రాలేనని ఫోన్లో చెప్పి భవానీపురంలో ఇంట్లో కూర్చున్నాను. ఏ లోడూ రాలేదు. ముహూర్తం దగ్గరపడేదాకా అక్క గంప పక్కనే నిలబడి వీధి వైపు చూసిందట. చివరికి పిల్ల నడిచి వచ్చిందట.

తప్పని అప్పుడే తెలుసు. అక్కని చూడాలని ఉంది. ఇంకేమీ కాదు, చూడాలని ఉంది.

జూలై 12, శనివారం

జాన్సన్ గారు ఫోన్ చేశారు. లెఫ్ట్ హ్యాండ్ సెట్ ఆర్డర్ పెట్టమంటారా అని. పక్కనే దుర్గాశంకర్ ఉన్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా, యాభై మూడేళ్ళకి మళ్ళీ అక్షరాభ్యాసమా అని పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. వద్దులెండి, ఉన్నవాటినే కాస్త కురచ చేసివ్వండి అన్నాను.

మళ్ళీ నలుగురి కోసమే. ఈసారి నలుగురు కూడా లేరు, ఒక్కడే.

జూలై 22, మంగళవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. గీత దాటిపోతోంది.

ఆదివారం వెళ్ళాను. ఆరు వారాలకి ఒక్క రోజు తక్కువ. ఆగలేకపోయాను. మూడో హోల్. బంతి కాలువ గట్టున పడింది. వానకి నానిన రేగడి. జారాను. కుడి చెయ్యి ఆన్చాను. మణికట్టులో చిన్న ఎముక విరిగింది. కట్టు, ఇంకో ఆరు వారాలు.

బంతి కూడా దొరకలేదు.

జూలై 31, గురువారం

ఎడం చెయ్యండీ, ఏమీ అనుకోకండి. పొద్దుటి నుంచి షాపులో ఇదే మంత్రం. కంకిపాడు నుంచి వచ్చిన ముసలావిడ, పెళ్ళి చీర ఆ చేత్తో ఇస్తావా నాయనా అని చెయ్యి చాపలేదు. బల్ల మీద పెట్టాను. తీసుకుంది.

ఇంట్లో అన్నం చెంచాతోనే.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. ఫోన్ నిండా అందరి అక్కచెల్లెళ్ళూ.

ఆగస్టు 17, ఆదివారం

పెడన వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. బస్సులో, కట్టు మీద తువ్వాలు కప్పుకుని. ఇది రాయడానికి గంట పట్టేట్టుంది, పట్టనీ.

అక్క తలుపు తీసింది. జుట్టు తెల్లబడింది. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. భానుశ్రీ, యేసుకుమార్ బందరులో చర్చికి వెళ్ళారు. వాళ్ళ పిల్ల అక్షయ, నాలుగేళ్ళది, ఇంట్లో ఉంది. వసారాలో గంప. అందులో దాని బొమ్మలు. ఆ గంపే.

తప్పయిందక్కా అన్నాను. విననట్టే వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి లోపల్నుంచి, తాతయ్యని అన్నానికి రమ్మను అని పిల్లతో అంది. నాతో కాదు.

పక్కపక్కన కూర్చోబెట్టింది. దోసకాయ పప్పు, నెయ్యి. నేను చెంచా అడుగుదామనుకుంటున్నాను. పక్కకి చూస్తే అక్షయ తింటోంది. ఎడమ చేత్తో. మోచేతి దాకా పప్పు.

అక్క నెయ్యి వడ్డిస్తూ పిల్లకేసే చూసి, ఈ ఇంట్లో ఏ చేత్తో తిన్నా ఎవరూ కట్టెయ్యరని తాతయ్యకి చెప్పవే అంది. పిల్ల చెప్పింది, రెండుసార్లు.

కలుపుకుని తిన్నాను. నలభై తొమ్మిదేళ్ళ తర్వాత. నా కళ్ళలో నీళ్ళు కారం వల్ల అనుకుని అక్షయ మంచినీళ్ళు ఇచ్చింది.

వచ్చేటప్పుడు గోల్ఫ్ అంటే ఏమిటో చీపురుతో చూపించాను. పిల్ల నా దగ్గర్నుంచి లాక్కుని అటువైపు తిరిగి కొట్టింది. నీకూ ఒకటి చేయిస్తానన్నాను. అక్క గుమ్మంలో నిలబడింది.

ఆగస్టు 18, సోమవారం

జాన్సన్ గారికి ఫోన్ చేశాను. లెఫ్ట్ హ్యాండ్ సెట్ పెట్టెయ్యండి అన్నాను. ఇంకో చిన్న క్లబ్ కూడా, పిల్లకి, అదీ ఎడమదే. పిల్ల కొలత కావాలన్నారు, మణికట్టు నుంచి నేలకి. బట్టల వాణ్ణయి ఉండీ టేపు పట్టుకెళ్ళలేదు.

అక్కకి మెసేజ్ పెట్టాను. ఏం కొలవాలో రాసి, తప్పయిందని మళ్ళీ రాశాను. ఎడమ బొటనవేలితో.

ఆగస్టు 20, బుధవారం

చూసింది. జవాబు లేదు.

ఆగస్టు 26, మంగళవారం

లేదు. వినాయక చవితి సందడి, షాపు కిటకిట. ఫోన్ మోగితే చాలు, చేతిలో చీర వదిలేస్తున్నాను. చేతికంటే ఇది ఎక్కువ నొప్పిగా ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

అక్క ఫోన్ చేసింది.

రెండు జానలు, నాలుగు వేళ్ళురా గోపీ అంది. పెట్టేసింది.

అక్క జాన ఎంతో నాకు తెలియదు. టేపు తీసుకుని వెళ్ళాలి.