కొండ మీద గాలి లెక్క

చెల్లెమ్మా,

నేను కొండ మీద ఒక్క చలికాలం ఉండి మురుగు తొట్టికి ఎంత గాలి కొట్టాలో కొలతలు పంపితే తన పుస్తకంలో అవే వేస్తానని ముప్పై ఏళ్ల కిందట పెద్దన్నయ్య నీ ఎదుటే మాట ఇచ్చాడు. చివరికి మైదానం కొలతలే అచ్చు వేయించాడు.

నేను క్షేమమే. ఇక్కడి తొట్టిలో మురుగునీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులే చచ్చాయి. కొత్త ఇంజనీరు ఆ పుస్తకం చూసి, తొట్టిలోకి గాలి కొట్టే మోటారును రోజుకు ఆరు గంటలే నడపమన్నాడు.

"ఇక్కడ గాలే పలచన బాబూ. ఆపితే వాటికి ఊపిరాడదు" అన్నాను.

"రాసింది మీ అన్నగారే కదా తాతా! ఆయనకంటే మీకు ఎక్కువ తెలుసా?" అని నవ్వాడు.

నాలుగో రోజుకు గోధుమరంగు బురద కాటుకలా నల్లబడింది. ఇక్కడే ఉండిపోయి నేను ముప్పై ఏళ్లు సాకిన మంద అది. ఈ చలిలో మళ్లీ ఎదగడానికి రెండు నెలలు పడుతుంది. అందాకా మురుగంతా మీరు తాగే ఏట్లోకే దిగుతుంది.

నీళ్లు తెర్లకాచి తాగండి. పసిదానికి విరేచనాలు కట్టాయా? నీ ఉత్తరంలో ఆ మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. ఉన్ని మేజోళ్లు ఒక జత పంపు. పిల్లలకు నా దీవెనలు. పసిదానికి ఏమైనా అయితే ఇంజనీరును తిట్టకు, వాడికి అచ్చులో ఉన్నదల్లా వేదమే. అచ్చు వేయించినవాడు మన పెద్దన్నయ్య.