తలగడ కింద కారు తాళం

అత్తయ్యగారికి, నర్సీపట్నం నించి మీ కోడలు అప్పలలక్ష్మి. మేమంతా బాగానే ఉన్నాం, మీ అబ్బాయి మనసే బాగోలేదు.

మావయ్యగారి అంబాసిడర్ కారు తాళం ఈయన సంతలో ఎక్కడో పారేసుకున్నారు. వచ్చేనెల గొలుగొండ పెళ్లికి ఆ కారే పంపుతానని మాటిచ్చేశారు. ఇంత పాత కారుకి కోయడానికి తాళం ముక్కే రావట్లేదని బస్టాండు దగ్గర తాళాలు సేసే ఆయన బీరువా తాళం అరగదీసి ఇచ్చాడు. అది దూరింది గాని తిరగలేదు. నిన్న అనకాపల్లి వెళ్లారు, ఇవాళ విశాఖపట్నం. ఎండనపడి వచ్చి నామీద కసురుతున్నారు. నాకూ ఓపికైపోయింది.

పొద్దున్న పక్కలు దులుపుతుంటే గుర్తొచ్చింది. నా పురిట్లో, పసిపిల్ల దగ్గర ఇనుముండాలని మీరు తలగడ కింద పెట్టింది ఆ కారు రెండో తాళమే. ఇప్పుడు మీ అమ్మాయి సత్యశ్రీ బిడ్డకని బరంపురం పట్టుకెళ్లారేటి?

పిల్ల పాలు తాగుతోందా? పేరేటనుకుంటున్నారు? పత్యం కారం అయిపోతే సెప్పండి, కొట్టించి పంపుతాను.

బేగి పంపమనట్లేదు. తాళం తీసినప్పుడు ఆ చోట అడకత్తెర పెట్టండి. ఫోన్ చేద్దునే, ఆయన వింటే ఈ పూటే బస్సెక్కి, పసిదాని తల కిందనించి లాక్కొచ్చేస్తారు. అందుకే కార్డు.

మీకు నా దండాలు. ఇది మీకందేదాకా ఆయన్ని తాళాల షాపుల చుట్టూ తిరగనిస్తాను.