కరెంటు లేని ఓడలో పొట్టి గిటారు

ప్రియమైన పిచ్చుకమ్మకి,

వంటవాడు కూడా నిన్న దిగిపోయాడు. ఇక ఈ ఓడ మీద నేనొక్కణ్ణే. యజమాని దివాలా తీసి చేతులెత్తేస్తే కోర్టు ఓడని జప్తు చేసిందని రాశాను కదా. జప్తులో ఉన్న ఓడని ఖాళీగా వదలకూడదట. ఎవరో ఒకరు కాపలాదారుగా సంతకం పెట్టి పైనే ఉండాలట. కెప్టెన్ కాగితం నా ముందు పెట్టి, "నాలుగు రోజులే ఫిట్టరూ" అన్నాడు. పెట్టేశాను. ఇప్పుడు నా బదులు ఇంకొకడు వచ్చి సంతకం పెడితే తప్ప నేను నిచ్చెన దిగడానికి వీల్లేదు. ఒడ్డు కనబడుతూనే ఉంటుంది, దాని మీద బస్సులు కూడా. అదే కడుపుమంట.

బాగుచేయిస్తానని నాతో తెచ్చిన నీ గిటారు క్షేమం. కిందటి రేవులో రిపేరు చేసే ముసలాయన లోపలి తీగచుట్ట కొత్తగా చుట్టి ఇచ్చాడు. ఇంత పొట్టి మెడ, ఇంత పాత సరుకు ఎక్కడ దొరికిందయ్యా అని ముద్దు చేశాడు. మామూలు గిటారైతే నేను పడుకునే ఈ ఇరుకు బంకులో పట్టేది కాదు. ఇది నా పక్కనే పడుకుంటోంది, కుళ్ళుకోకు. జనరేటర్ ఆపేశారు. కరెంటు లేని ఎలక్ట్రిక్ గిటారు, ఇంజన్ తిరగని ఫిట్టరు, జోడీ బాగా కుదిరింది. ఫోను చచ్చి పడుంది. మంచినీళ్ళు తెచ్చే పడవాయనే ఉత్తరాలు కూడా పట్టుకెళ్తాడు.

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తీగలకీ మరలకీ ఇంజన్ గ్రీజు దట్టంగా పట్టించాను. బెంగపడకు.

నీ ఓడ ఖైదీ

*

ప్రియమైన ఫిట్టరుగారికి,

గ్రీజా! నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక రెండూ చేశాను. అత్తయ్య వంటింట్లోంచి "ఏమైందే?" అన్నారు. "మీ అబ్బాయి నా గిటారుకి సర్వీసింగ్ చేశారండీ" అన్నాను. అది చెక్కలోకి ఇంకకముందే పొడిగుడ్డతో తుడవండి, మీకు పుణ్యముంటుంది.

హోటల్ బ్యాండులో నా కుర్చీ ఇంకా నాదే. మాస్టారు అరువు గిటారు ఇచ్చారు, పొడుగు మెడది. మెట్లు దూరం దూరంగా ఉంటాయి, తీగలు బిగువు. నా వేళ్ళు అందవు. అందినా రెండో పాటకే మణికట్టు పట్టేస్తుంది. నిన్న పాట మధ్యలో చెయ్యి దించేశాను. అందరూ చూశారు. "నీ బుడ్డది వచ్చేదాకా కూర్చోమ్మా, కుర్చీ ఎవరికీ ఇవ్వను" అన్నారు మాస్టారు. పెళ్ళికి ముందునుంచీ ఆ మెడకే అలవాటుపడ్డ చెయ్యి, ఇంకోదాన్ని ముట్టనంటోంది. అది లేకపోతే నేను వాయించలేను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ నిజం.

మీ బదులు కూర్చునేవాడు ఆ ఊరంతటికీ ఒక్కడు దొరకలేదా?

మీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకమ్మకి,

నీకంటే ముందే పడవాయన తిట్టాడులే. నీళ్ళ డబ్బాలు దించుతూ బంకు మీద గిటారు చూసి, "ఇది గిటారా, గేరుబాక్సా?" అన్నాడు. తరవాత అన్నవి రాయకూడదు. చొక్కా విప్పి దాంతోనే తుడిచాడు. వయసులో ఉండగా డాన్సు హాళ్ళలో వాయించేవాడట. తనకీ ఇలాంటి పొట్టిది ఉండేదట, పడవ కొనుక్కోవడానికి అమ్మేశాడట. ఇప్పుడు చెక్కకి చెవి ఆనించుకుని వాయిస్తున్నాడు. కరెంటు లేకపోతే అలాగే వినాలట. నీళ్ళు ఇచ్చిపోవడానికి వచ్చిన మనిషి పొద్దుగూకేదాకా కదలడు.

నా బదులు మనిషి ఇంకా దొరకలేదు. పగలంతా ఇనుప గోడలు పెనంలా కాలుతాయి. డెక్కు మీద గానుగెద్దులా తిరుగుతుంటాను. మొన్న నాతో నేనే పోట్లాడుకుని నేనే ఓడిపోయాను. అయినా పరవాలేదు. నీ కుర్చీ నీకు దక్కాలి. పార్సిల్లో వేసి విరగ్గొట్టుకోను, బుడ్డదాన్ని నా చేతులతో నీ చేతికిస్తాను, చూడు.

నీ ఓడ ఖైదీ

*

ప్రియమైన మీకు,

మీ కవరులో ఇంకో చీటీ ఉంది. పడవాయన పెట్టింది. "అమ్మా, ఆ గిటారు నాకిస్తే మీ ఆయన బదులు నేను సంతకం పెడతానని ఎప్పుడో చెప్పాను. ఆయన ఒప్పుకోవడం లేదు. సగం మనిషైపోయాడు. తిండి సరిగ్గా తినడు, గోడలతో మాట్లాడుతున్నాడు. నా ఆశ నాది, కానీ మనిషిని చూస్తే భయమేస్తోంది."

దొరకలేదని రాశారే! ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సరే, మీకు తెలియనిది ఒకటుంది. నేను వాయించడం మానేశాను. వేళ్ళ కణుపులు వాచాయి. ఇక తీగ ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంటోంది. మీరు బెంగపడతారని రాయలేదు. ఇప్పుడా గిటారు ఇంటికొచ్చినా గోడకి తగిలించుకోవడమే. నాకేం బాధ లేదు, ఒట్టు.

గిటారు నాది, ఇష్టపడి ఇస్తున్నాను అని సంతకం చేసిన కాగితం దీంతో పంపుతున్నాను. ఇచ్చేసి దిగండి.

మీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకమ్మకి,

నేల మీదనుంచి రాస్తున్నాను! రేవు పక్కన నావికుల సత్రంలో ఉన్నాను. పడవని తమ్ముడికి అప్పగించి పడవాయన సంతకం పెట్టాడు. "మా ఇంట్లో పిల్లలూ మనవలూ, సంతలా ఉంటుంది. కూర్చుని వాయించుకునే చోటే లేదు" అని నా బంకు మీద బాసింపట్టు వేశాడు. నేను దిగుతుంటే గిటారు మీంచి తలెత్తి కూడా చూడలేదు.

నీ వేళ్ళ సంగతి చదివి ఏడ్చాను. కానీ నిజం చెప్పనా, ఊపిరి కూడా పీల్చుకున్నాను. నువ్వింకా వాయిస్తూ ఉంటే నేను చచ్చినా దిగేవాణ్ణి కాదు. నీకెలాగూ అక్కర్లేదు, నాకు విడుదల. ఇద్దరికీ నష్టం లేదు. ఇన్నాళ్ళూ కుర్చీ ఉంచినందుకు మాస్టారికి ఒక ఉత్తరం రాస్తాను. ప్రయాణం కాగితాలు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను, సత్రానికే జవాబు రాయి.

ఇక ఖైదీ కాని నీవాడు

*

ప్రియమైన మీకు,

మాస్టారికి రాయకండి. నా వేళ్ళకి ఏ జబ్బూ లేదు. ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. మీరు దిగారని తెలిసేదాకా కుర్చీ నాదే. మీ ఉత్తరం అందిన సాయంత్రం నేనే వెళ్ళి, ఇంకెవరినైనా చూసుకోండి మాస్టారూ అని చెప్పి వచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

అబద్ధం చెప్పకపోతే మీరు దిగరు. అందుకే చెప్పాను. దాన్ని అలాగే ఉండనిద్దామనుకున్నాను కూడా. కానీ ఇద్దరికీ నష్టం లేదని రాశారు చూడండి, ఆ మాట దగ్గర నావల్ల కాలేదు. నాకు నష్టం ఉంది. చాలా ఉంది. అది మీకు తెలియకుండా మీ పక్కన బతకలేను.

మీ మీద కోపం ఇంకా పోలేదు. నాకోసం అంటూ మీరక్కడ ఉండిపోయారు. మీ ఖైదు తలుపుకి నన్ను తాళం చేశారు, నన్నడక్కుండానే. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి.

రండి. స్టేషనుకి వస్తాను, నవ్వుతూనే వస్తాను. ఇంకోటి కొనిస్తానని మాత్రం అనకండి. అలాంటివి ఇప్పుడు దొరకవని ఇద్దరికీ తెలుసు. హోటలుకి బయల్దేరే వేళకి ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరుగుతుంటాను. అప్పుడు ఓదార్చకండి, పక్కన కూర్చోండి.

అత్తయ్య ముందు ఏడవలేకపోయాను. మీరొచ్చాక ఏడుస్తాను. మిమ్మల్ని చూసిన సంతోషమేలే అనుకోకండి. సగం అదే. సగం కాదు.

మీ భార్య