సోనాలి చెప్పిన మాట

శాంతి నగర్, భివండి
సోమవారం, 10 మార్చి 2025

చిరంజీవి మేఘనకు,

బాపమ్మ బుచ్చమ్మ నీ తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుని రాస్తున్న దీవెనలు. ఇక్కడ అందరం ఉన్నాం. కాల్హేర్‌లో నువ్వు వేళకు తింటున్నావో లేదోనని నాకు ముద్ద దిగడం లేదు. గోదాము ముందు ట్రక్కులు ఉన్నట్టుండి వెనక్కి వస్తాయట, చూసుకుని నడువు. డబ్బాలకు చీటీలు అంటించిన చేతులతో అన్నం కలపకు. ఈ ఉత్తరం మీ అనితత్త చేతికిచ్చి పంపుతున్నాను. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఫోన్ చేస్తే బాపమ్మ రెండు మాటలైనా మాట్లాడదు, వెంటనే బాపు చేతికిచ్చేస్తుంది అని అత్తతో అన్నావట. కోపం పెట్టుకోకు బిడ్డా.

మన నేత సాంచాలు ఇప్పుడు సగమే నడుస్తున్నాయి. మీ బాపు ఎవరితోనూ మాట్లాడడం లేదు. నేను నూలు కండెలు చుడుతూనే ఉన్నాను. నీ ఇంగ్లీషు పుస్తకం మీద రోజూ దూది పేరుకుంటుంది. తుడుస్తాను, మళ్లీ పేరుకుంటుంది. నిరుడు నా పక్కనే కూర్చుని పేజీలకు పేజీలు గట్టిగా చదివేదానివి. ఎట్లుంది బాపమ్మా అని అడిగితే, మస్తు చదివినవ్ బిడ్డా అనేదాన్ని. ఇంగ్లీషు పరీక్ష నాడు అక్కడిచ్చిన పేజీలు సగం కూడా చదవకముందే టైమైపోయిందని వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చావు. అది నా కళ్లలోంచి పోలేదు.

ఆ తర్వాత ఎదురింటి సోనాలితో కొట్లాట. నీకంటే ఏడాది ముందు అదే పరీక్ష పాసైన పిల్ల. టైంల ఎట్ల చదవాల్నో ఎరుకుండి నాకెందుకు చెప్పలేదే అని నువ్వు. మీ బాపమ్మకు చెప్పి పోయిన, ఆమె చెప్పకపోతే నేనేం చెయ్యాలె అని అది. నువ్వు నావైపు తిరిగి అడిగావు. నాకేం చెప్పలేదన్నాను. మా బాపమ్మ అబద్ధమాడదు, నువ్వే ఝూటీ దానివి అని దాని ముఖం మీదే తలుపేశావు. ఆ వారమే గోదాము పనికని కాల్హేర్ పోయావు.

ఇంగ్లీషు నా తలకెక్కది, నాకు డబ్బాలే రాసిపెట్టున్నయ్ అంటున్నావట. అట్లనకు. మళ్లీ ఆ పరీక్షకు ఫారం నింపడానికి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. ఆదివారం ఇంటికి రా. వచ్చి ముందు సోనాలితో మాట్లాడు.

నీ క్షేమమే కోరే
బాపమ్మ

తా.క. మొదటే రాయవలసింది, చెయ్యి రాక చివరికి రాస్తున్నాను. సోనాలి అబద్ధమాడలేదు. నిరుడు ఏప్రిల్‌లో నువ్వు ట్యూషన్‌కు పోయినప్పుడు వచ్చింది. స్కూటీ దిగలేదు, దుమ్ముకు ముఖమంతా స్కార్ఫ్ చుట్టుకుంది. చాలాసేపు ఏదో చెప్పింది. నేను తలూపి, సరే బిడ్డా అన్నాను. నాకు ఒక్క మాటా వినపడలేదు.

నలభై ఏళ్లు సాంచాల నడుమ ఉన్న చెవులు. నాలుగేళ్లుగా ఏమీ వినపడదు. పెదాలు చూసి అర్థం చేసుకుంటాను, సాంచాల షెడ్డు చప్పుడులో మాకు అలవాటే. పెదాలు కనపడకపోతే తలూపుతాను. మీ బాపుకూ తెలియదు. ఆ చప్పుడులో మన ఇంట్లో ఎవరి మాట ఎవరు విన్నారు గనుక? నువ్వు చదివిన ఇంగ్లీషూ నేను వినలేదు. తెలిస్తే నా పక్కన కూర్చుని చదవడం మానేస్తావని దాచాను.

నిన్న సోనాలిని పిలిచి, స్కార్ఫ్ తీసి మళ్లీ చెప్పమన్నాను. గిప్పుడెందుకు బాపమ్మా అని ముఖం తిప్పుకుంది. నా చెవుల సంగతి చెబితే నా ఎదుట కూర్చుని, మెల్లగా చెప్పింది. ఇదీ ఆ మాట. గట్టిగా చదవొద్దు. ముందు ప్రశ్నలు చూసుకోవాలి, తర్వాత గడియారం పెట్టుకుని మనసులో చదవాలి. ఏడాది ఆలస్యంగా నీకు చేరవేస్తున్నాను.

ఇంటికొచ్చి మనసులోనే చదువుకో. అప్పుడు నీ పెదాలు కదలవు. నేను ఊరికే పక్కన కూర్చుంటాను.