నాలుగు పూటలా ఆకు

హోసూరు

ఒరే లింగప్పా,

నీ ఫోను బావిలో పడిందని కండక్టర్ సెల్వం చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చి నీ కెలమంగలానికి పంపుతున్నాను. వచ్చే ఆదివారం నేనూ, మన బడి బెంచీ దేవేంద్రా కృష్ణగిరి డ్యాముకు పోతున్నాం. చేపల వేపుడు తిని, చెట్టు కింద పడుకోవడం తప్ప ఇంకో పని లేదు. మూడేళ్లుగా ఏదో ఒక సాకు చెప్పావు. ఈసారీ రాకపోతే నిన్ను పిలవడం మానేస్తాం.

నీ బెంచీవాడు,
ధనశేఖర్

తా.క.: ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజర్ అంటారు కానీ, ఇప్పుడు నా పొట్ట నాకంటే ముందు గేటు దాటుతోంది.

*

కెలమంగలం

ధనశేఖరప్పకు,

ఈ వారం నేను ఇల్లు కదలలేను. మీరే ఇక్కడికి రండి. తోటలో కొత్త షెడ్డు వేశాను. చుట్టూ తడి గోనెపట్టాలు, లోపల ఎండే తెలియదు. గడప దగ్గర కాళ్లు కడుక్కోవాలి. సెంటు, పౌడరు, బీడీ, దోమలచుట్ట ఏదీ లోపలికి రాకూడదు. నాలుగు పూటలా తాజా ఆకు. ఒక్క పూట తప్పినా అంతా పాడవుతుంది.

ఇట్లు,
లింగప్ప

*

హోసూరు

లింగప్పా, గొప్పవాడివిరా,

టమోటా వేసుకునేవాడివి, ప్రకృతి చికిత్స పెట్టావని ఒక్క మాటైనా చెప్పలేదే. బెంగళూరు వాళ్లు శనివారమైతే కార్లేసుకుని పరిగెత్తేది ఇలాంటి చోట్లకే. డ్యాము మానేశాం, మీ ఇంటికే వస్తున్నాం. నిన్నటి నుంచి సబ్బు కూడా మానేశాను. మా ఆవిడ హేమావతి మంచం వరండాలో వేసింది, నాకు.

నీ పేషెంటు,
ధనశేఖర్

తా.క.: మోకాళ్లకు తైలం మర్దన ఉంటుందా? బలమైన మనిషిని చూసి పెట్టు.

*

కెలమంగలం

ధనశేఖరప్పకు,

తెల్లవారేసరికి రండి. మోకాళ్ల సంగతి వచ్చాక చూద్దాం.

లింగప్ప

తా.క.: పాత లుంగీలు తెచ్చుకోండి.

*

హోసూరు

డాక్టర్ లింగప్ప గారికి,

పరగడుపున రావాలనుకుని టీ కూడా తాగకుండా వచ్చాను. మీ ఆవిడ కెంపమ్మ గంప చేతికిచ్చి, "ముందు ఆకు కోయండప్పా, ఎండెక్కితే వాడిపోతాది" అంది. చికిత్సలో ఇది మొదటి మెట్టు కాబోలనుకున్నాను. వంగడం నడుముకు మంచిదని దేవేంద్రకు పాఠం కూడా చెప్పాను. గంప మీద గంప నింపాక, "మా భోజనం ఎప్పుడమ్మా?" అని అడిగితే, "ముందు లోపల ఉండేవి తినాల కదప్పా" అంటూ గోనెపట్టా ఎత్తింది. తట్టల నిండా పట్టుపురుగులు. చల్లగా పడుకుని ఆకు తింటున్నాయి. అతిథులు అవి, కూలి నేను. పురుగులు పెంచుతున్నానని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది?

అయినా ఒక మాట. మధ్యాహ్నం పంపుసెట్టు తొట్టిలో ముగ్గురం మెడలోతు నీళ్లలో కూర్చుని, రాగిముద్ద ఎవరు ఎక్కువ తిన్నారని కొట్లాడుకున్నామే, అలాంటి సుఖం నాకు చాలా ఏళ్లుగా లేదు. మంచం మళ్లీ లోపలికి వచ్చింది.

నీ కూలివాడు,
ధనశేఖర్

తా.క.: పరువు పోతుందని ఆఫీసులో "అద్భుతమైన చికిత్స" అని చెప్పేశాను. మా మేనేజరు శశికుమార్ సారు వచ్చే నెల కుటుంబంతో వస్తాడట. ఏదో ఒకటి చెప్పి ఆపు.

*

కెలమంగలం

ధనశేఖరప్పకు,

నువ్వు చికిత్స అని రాసినప్పుడే నాకు సంగతి అర్థమైంది. ఆకు కోసేవాళ్లంతా మీ హోసూరు ఫ్యాక్టరీలకు పోయారు. ఆ ఆదివారం మీరు రాకపోతే పంట మొత్తం చచ్చేది. సాయం చేయమని అడగడానికి సిగ్గేసింది. చికిత్స అని నువ్వే పేరు పెడితే కాదనలేకపోయాను. ఫోను బాగై ఎప్పుడో వచ్చింది. నీ గొంతు వింటే నిజం చెప్పేస్తానని ఆపి పెట్టాను.

పురుగులన్నీ గూళ్లు కట్టాయి. ఆ తొట్టిలో నవ్వినట్టు నేనూ ఈ మధ్య నవ్వింది లేదు.

నీ బెంచీవాడు,
లింగప్ప

తా.క.: మేనేజరును ఆపొద్దు. వచ్చే నెలకు ఇంకో పంట సరిగ్గా ఆకు తినే వారంలో ఉంటుంది. సెంటు పూసుకోవద్దని మాత్రం చెప్పు.