రెండు ముందుపళ్లు

అక్కయ్యా,

మన కళల కాలేజీ పాత విద్యార్థుల సంఘంలో చేరమని మీరు ఫోన్ చేసిన రోజు నేను విసుక్కున్నాను. “నీ పేరు పక్కన ఏమని రాసుకోను?” అనడిగితే, “శిల్పం చదివి కట్టుడు పళ్లు చేసుకుంటున్నవాణ్ణి, ఏమీ రాయకండి,” అన్నాను.

మీరు వదిలితేనా! మా ల్యాబుకే వచ్చి స్టూలు మీద కూర్చుని, “ఇప్పుడు నీ చేతులేం చేస్తున్నాయో చూపించు, చాలు,” అన్నారు. నేను మైనంలో పన్ను చెక్కుతుంటే టీ చల్లారిపోయేదాకా చూశారు. పొగడనైనా లేదు. వారం తిరక్కుండా ఫ్లూట్ మాస్టారిని నా దగ్గరికి పంపారు. మనకంటే ఎంతో ముందు సంగీతం చదివిన ఆ పెద్దాయన, ముందుపళ్లు ఊడాక వాయించడమే మానేశారు.

నేను మొదట చేసిన పళ్లు ముత్యాల్లా ఉన్నాయి గానీ, వాయిస్తే గాలి పక్కకి పోయింది. “అందం నాకెందుకయ్యా, స్వరం కావాలి!” అని కసిరారు. ఆయన వాయించడం, నేను అరగదీయడం. చివరికి ఒక పన్ను కాస్త వంకరగా పెడితే గానీ స్వరం నిలవలేదు.

బోర్డులు రాసుకునే పెయింటరుకి, బడి పిల్లలచేత నాటకాలాడించే టీచరమ్మ దగ్గర తెరలు గీసే పని కుదిర్చింది కూడా మీరేనట. ఎవరు ఎవరికి అక్కరకొస్తారో మీకెలా తడుతుందో!

నిన్న మన సభలో మాస్టారు వాయించారు. హాలంతా కళ్లు మూసుకుని విన్నది. ఆయన పళ్లవైపు ఒక్కరూ చూడలేదు. నేను మాత్రం వాటినే చూస్తూ కూర్చున్నాను.

నా పేరు పక్కన శిల్పి అని రాసుకోండి.

మీ తమ్ముడు