మిర్చి పెట్టెకు కొత్త థర్మోస్టాట్

మంగళవారం, స్విండన్, ఇంగ్లండ్

ఆఫీసు నుంచి వచ్చేసరికి శ్రియ ఏడుస్తోంది. తన పెంపుడు బల్లి మిర్చి గాజు పెట్టెలో ఓ మూల చల్లగా ముడుచుకుని ఉంది.

"మమ్మీ, షీ ఈజ్ ఫ్రీజింగ్! థర్మోస్టాట్ పాడైపోయింది!"

బల్లి కోసం ఇన్ని తిప్పలా అని గొణుక్కుంటూనే పెట్టెలో వేడిని అదుపు చేసే ఆ పరికరం కొత్తది కొనడానికి మళ్లీ కారు తీశాను. పెట్టెకు వేడి ఇచ్చేది బల్బా, అడుగున పరిచే మ్యాటా అని షాపావిడ అడిగింది. బల్బుకైతే వెలుగును తగ్గిస్తూ పెంచే డిమ్మింగ్ రకమట, మ్యాటుకు మామూలు ఆన్-ఆఫ్ రకం చాలట. నాకేం తెలుసు? కాళ్లు పీకేస్తుంటే అక్కడే నిలబడి శ్రియకు ఫోన్ చేశాను. మ్యాటేనట.

ఇంటికొచ్చి, కొత్తది బిగించడానికి బల్ల వెనక్కి వంగాను. గోడ స్విచ్ ఆఫ్‌లో ఉంది.

నేనే. పొద్దున తాళం వేసే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేయడం గుంటూరు నుంచి తెచ్చుకున్న అలవాటు. ఫ్రిజ్‌దీ మిర్చి పెట్టెదీ మాత్రం వదిలేస్తాను; ఇవాళ హడావిడిలో పెట్టెదీ నొక్కేశాను.

పాతది బాగానే ఉన్నా కొత్తదే బిగించి, గుట్టుగా స్విచ్ వేశాను. కాసేపటికి మిర్చి కదిలింది. "యు సేవ్డ్ హర్, మమ్మీ!" అంటూ శ్రియ నన్ను వాటేసుకుంది.

రేపు పొద్దున్నే ఆ స్విచ్ మీద టేపు అంటించాలి. ఎందుకు మమ్మీ అని శ్రియ అడిగితే, షాపావిడ చెప్పిందంటాను.